మరాఠీ మాకు వచ్చు, మా పిల్లల మీద చెయ్యెత్తకండి: మహారాష్ట్ర నవనిర్మాణ సేనకు సిరోంచ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాజ్ ఠాక్రే గారికి, మహారాష్ట్ర నవనిర్మాణ సేన రాష్ట్ర నాయకులకు, గడ్చిరోలి, చంద్రాపూర్, యవత్మాల్, నాందేడ్ జిల్లాల్లో ఆ పార్టీ పనులు చూసేవాళ్లకు, అలాగే రాష్ట్ర హోం శాఖ, విద్యా శాఖ అధికారులకు,

నమస్కారం. జై మహారాష్ట్ర.

ఈ విషయాలన్నీ ముందు మరాఠీలోనే రాసి, ఇవ్వాల్సిన చోట ఇచ్చాం. ముట్టినట్టు సంతకం కూడా తీసుకున్నాం. నెలలు గడిచినా ఒక్క ఫోన్ లేదు, ఒక్క ముక్క జవాబు లేదు. అందుకే ఇప్పుడు తెలుగులో, నలుగురూ చదివేలా రాస్తున్నాను. మీ దాకా ఎవరో ఒకరు చేరుస్తారు. చదివి చెప్పడానికి మరాఠీ, తెలుగు రెండూ వచ్చినవాళ్లు మా దగ్గర ఇంటికొకరు ఉన్నారు.

నేను గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకావాణ్ణి. ఆన్‌లైన్ సెంటర్ నడుపుకుంటాను. సాత్‌బారా (పొలం రికార్డు) తీసివ్వడం, రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ, స్కాలర్‌షిప్ ఫారాలు నింపడం నా పని. ఫారాలన్నీ మరాఠీలో ఉంటాయి, ఎదురుగా కూర్చున్న మనిషి మాత్రం నాతో తెలుగులో మాట్లాడతాడు, ఆయన పక్కన కూర్చున్న ముసలాయన గోండీలోనో మాడియాలోనో తన పేరు చెప్తాడు, నేను మరాఠీలో టైపు చేస్తాను, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే. మాకు ఇందులో వింత ఏమీ లేదు. తాతల కాలం నుంచీ ఇలాగే ఉంది.

మా ఊరు ఎక్కడుందో తెలియనివాళ్ల కోసం చెప్తాను. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట ఉంది సిరోంచ. అవతలి ఒడ్డున కాళేశ్వరం. 1860లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు అప్పగించాడు, వాళ్ల పాలనలో సిరోంచ అప్పర్ గోదావరి జిల్లాకు కేంద్రంగా ఉండేది, తర్వాత చాందా జిల్లాలో కలిపారు, 1956లో విదర్భతో పాటు బొంబాయి రాష్ట్రంలోకి వచ్చాం, 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడితే మహారాష్ట్రవాళ్లమయ్యాం, 1982లో గడ్చిరోలి జిల్లా అయ్యింది. పక్కనున్న రాజూరా, కిన్వట్ తాలూకాలు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లావి. ఇన్ని మార్పులు జరిగినా మా ఇళ్లు మారలేదు, పొలాలు మారలేదు. ఎవరి ఉద్యోగమో లాక్కోవడానికి రైలెక్కి వచ్చినవాళ్లం కాము. మహారాష్ట్ర పుట్టిన రోజు నుంచీ అందులో ఉన్నవాళ్లం, అంతే.

ఇక మీ పార్టీ సంగతి. 2006 మార్చి 9న, శివసేన నుంచి బయటికొచ్చాక, మరాఠీ మనిషి కోసం అని చెప్పి దీన్ని పెట్టారు. మరాఠీకి ఈ రాష్ట్రంలో గౌరవం దక్కాలనే మాటతో మాకు పేచీ లేదు. దుకాణాల బోర్డులు మరాఠీలో ఉండాలని 2022లో చట్టం సవరించి, 2023 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు రెండు నెలల గడువు పెట్టినప్పుడు మా బజార్లో ఎవరూ ఇబ్బంది పడలేదు, బోర్డులు అప్పటికే మరాఠీలో ఉన్నాయి కాబట్టి. 2024 అక్టోబర్ 3న మరాఠీకి ప్రాచీన భాష హోదా ప్రకటిస్తే మేమూ సంతోషపడ్డాం. 2025 ఏప్రిల్ 16న ఒకటో తరగతి నుంచే హిందీ అంటూ ప్రభుత్వం జీఆర్ (ప్రభుత్వ ఉత్తర్వు) తెచ్చినప్పుడు మీరు గట్టిగా అడ్డుకున్నారు, జూన్ 29న ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. అది మంచి పని. ఇంట్లో తెలుగు, వీధిలో గోండీ, బడిలో మరాఠీ, దాంతో పాటు ఇంగ్లీషు మోస్తున్న ఆరేళ్ల పిల్ల నెత్తిన ఇంకొక భాష పెట్టొద్దని మేమూ అనుకున్నాం.

మా పేచీ అంతా మనిషి మీద చెయ్యెత్తడంతోనే.

2008 ఫిబ్రవరిలో ముంబైలో ఉత్తరాది కూలీల మీద, టాక్సీవాళ్ల మీద మీ కార్యకర్తలు దాడులు చేశారు. అదే ఏడాది అక్టోబర్‌లో రైల్వే పరీక్ష రాయడానికి వచ్చిన కుర్రాళ్లను కొట్టారు, ఆ కేసులో మిమ్మల్ని అరెస్టు చేశారు. 2009 నవంబర్‌లో శాసనసభలోనే, హిందీలో ప్రమాణం చేశాడని సమాజ్‌వాదీ పార్టీ ఎమ్మెల్యే అబూ ఆజ్మీ గారి మీద మీ ఎమ్మెల్యేలు చెయ్యి చేసుకుంటే నలుగురిని నాలుగేళ్లు సస్పెండ్ చేశారు. 2025 మార్చి 30న, మరాఠీవాళ్ల కొత్త సంవత్సరమైన గుడి పడ్వా సభలో, కావాలని మరాఠీ మాట్లాడనివాళ్లకు చెంపదెబ్బ తప్పదని మీరే చెప్పారు, ఆ తర్వాతి రోజుల్లో కార్యకర్తలు బ్యాంకులకు వెళ్లి మేనేజర్లను నిలదీశారు, ఏప్రిల్ 5న మీరే ఆ ఆందోళన ఆపమన్నారు. జూన్ నెలాఖరులో ముంబై పక్కనున్న మీరా రోడ్‌లో ఒక తినుబండారాల దుకాణదారుణ్ణి చెంప మీద కొట్టిన వీడియో దేశమంతా చూసింది. జులై 3న అక్కడి వ్యాపారులు దుకాణాలు మూసి నిరసన చేశారు, 8న దానికి పోటీగా మీవాళ్లు ఊరేగింపు తీశారు. మధ్యలో జులై 5న ముంబైలోని వర్లీలో మీ సభ. ఊరికే ఎవరినీ కొట్టొద్దు అని ఆ సభలో మీరు అన్న మాట నేను విన్నాను, దాన్ని దాచడం న్యాయం కాదు. కానీ వెంటనే, ఎవరైనా నాటకాలాడితే చెవి కింద వాయించండి, వీడియో మాత్రం తీయకండి అని కూడా అన్నారు. ఆ రెండు మాటల్లో కింది కార్యకర్త ఏది పట్టుకుపోతాడో ఇన్నేళ్లు పార్టీ నడిపిన మీకు తెలియకుండా ఉండదు.

మా పెద్దవాళ్లకు ఇంకా పాత సంగతులు గుర్తున్నాయి. 1966లో శివసేన మొదలైన రోజుల్లో ముంబైలో దక్షిణాదివాళ్లను తరిమేయాలని లుంగీ, పుంగీ అంటూ నినాదాలు చేశారు. కామాఠిపుర పేరే తెలంగాణ నుంచి వెళ్లి ముంబైలో కట్టుబడి పనులు చేసిన కామాఠీల వల్ల వచ్చింది. సోలాపూర్, భివండీ మగ్గాల మీద పనిచేసిన పద్మశాలీల కష్టం ఆ ఊళ్ల చరిత్రలో ఉంది. 1873లో జ్యోతిరావు ఫూలే గారు సత్యశోధక సమాజం పెడితే, ముంబైలో కట్టుబడి కాంట్రాక్టర్లుగా ఉన్న తెలుగువాళ్లు, రామయ్య వెంకయ్య అయ్యవారు లాంటివాళ్లు, అండగా నిలబడ్డారు. 2020 జనవరిలో మీరు జెండా మార్చి శివాజీ మహారాజు రాజముద్ర పెట్టుకున్నారు. ఆ మహారాజు 1677లో గోల్కొండకు వచ్చారు, శ్రీశైలం మల్లన్నను దర్శించుకున్నారు. ఆయన సవతి తమ్ముడు వెంకోజీ తంజావూరులో రాజ్యం స్థాపిస్తే, వెంకోజీ కొడుకు షహాజీ తెలుగులో యక్షగానాలు రాశాడు. భోంస్లే వంశపు రాజు తెలుగులో రాసినందుకు మరాఠీ ఏమీ తగ్గలేదు.

ఇప్పుడు ఈ రాజకీయం వల్ల మామూలు మనుషులకు ఏమవుతోందో చెప్తాను.

1. ముందు దెబ్బ పడేది పని కోసం ఊరు విడిచిన పిల్లలకు. మా దగ్గర పని లేదు. పదో, పన్నెండో చదివిన కుర్రాళ్లు నాగ్‌పూర్, పుణె, ముంబై వెళ్లి డెలివరీ, సెక్యూరిటీ, హోటల్ పనులు చేస్తారు. మా అక్క కొడుకు అలాగే వెళ్లాడు. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ బడిలో మరాఠీ మీడియం చదివాడు, మరాఠీలో మంచి మార్కులు వచ్చినవాడు. ఒక పెద్ద ఊళ్లో పార్సిల్ ఇవ్వడానికి వెళ్లి, కింద నిలబడి వాళ్లమ్మతో ఫోన్లో తెలుగులో మాట్లాడుతుంటే మెడలో కండువాలు వేసుకున్న కొందరు ఆపారు. ఏ పార్టీవాళ్లో వాడికి తెలియదు, నేను ఎవరి పేరూ అంటగట్టను. మరాఠీలోనే జవాబు చెప్పాడు. నీ మరాఠీ వేరేగా ఉంది, ఎక్కడివాడివి అన్నారు. గడ్చిరోలి అంటే నమ్మలేదు. ఆధార్ చూపిస్తే దొంగ కార్డు అన్నారు. గల్లా పట్టుకుని, వీడియో తీస్తూ, మహారాష్ట్రకు జై అని చెప్పించారు. మహారాష్ట్రలో పుట్టి పెరిగినవాడి చేత! దెబ్బలు పెద్దగా తగలలేదు కానీ పిల్లాడు నాలుగు రోజులు గదిలోంచి బయటికి రాలేదు, తర్వాత పని మానేసి ఇంటికొచ్చాడు. పోలీసు కేసు పెడదామంటే వద్దు మామా, మళ్లీ అదే ఊరికి పోవాలి కదా అన్నాడు. వాళ్లమ్మ ఇప్పటికీ వాడు ఫోన్ ఎత్తడం కొంచెం ఆలస్యమైతే టెన్షన్ పడిపోతుంది. ఇలాంటివి మా తాలూకాలో ఇంకా విన్నాను. ఎవరూ కేసు పెట్టరు, పెట్టరు కాబట్టి లెక్కలోకి రావు.

2. భయం ఇంట్లోకి వచ్చింది. పుణెలో నర్సింగ్ చదివే ఆడపిల్లలకు తల్లిదండ్రులు రైల్లో, బస్సులో తెలుగు మాట్లాడకండి, మెసేజ్ పెట్టండి చాలు అని చెప్తున్నారు. సొంత రాష్ట్రంలో సొంత తల్లితో మాట్లాడటానికి పక్కకు పోవాల్సి వస్తే ఆ పిల్లకు ఈ రాష్ట్రం మీద ఏం ప్రేమ మిగులుతుంది?

3. మా బతుకులు రెండు ఒడ్డుల మీద నడుస్తాయి. ఇక్కడి నుంచి జిల్లా కేంద్రం రెండు వందల కిలోమీటర్ల పైనే, ఆ రోడ్డు సంగతి ప్రయాణం చేసినవాళ్లకు తెలుసు. ప్రాణం మీదికొస్తే మంచిర్యాలకో, కరీంనగర్‌కో, వరంగల్‌కో పోతాం. వియ్యాలు అటూ ఇటూ ఉన్నాయి. ఇంకొక సంగతి మీకు ఎవరూ చెప్పి ఉండరు. మిరప కోతల కాలంలో గడ్చిరోలి, చంద్రాపూర్ జిల్లాల నుంచి వేలల్లో కూలీలు, అందులో ఎక్కువ మంది మరాఠీ, గోండీ మాట్లాడేవాళ్లు, తెలంగాణలోని ములుగు, ఖమ్మం వైపు పోతారు. నెలల తరబడి అక్కడి చేలల్లో ఉంటారు. ఆడవాళ్లు, చిన్న పిల్లలు. వాళ్లకు తెలుగు రాదు. నీకు తెలుగు రాదేం అని అక్కడ ఎవరైనా చెంప పగలగొడితే? ఆదిలాబాద్ జిల్లాలో తరతరాలుగా మరాఠీ మాట్లాడే కుటుంబాలున్నాయి, బోధన్ వైపు ఉన్నాయి, హైదరాబాద్‌లో ఉన్నాయి. వాళ్ల క్షేమం గురించి ముంబై సభల్లో మాట్లాడేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి. 2025 ఫిబ్రవరిలో బెళగావి దగ్గర మరాఠీలో మాట్లాడలేదని ఒక కన్నడ కండక్టర్‌ను కొట్టారు, దానికి ప్రతిగా కర్ణాటకలో మహారాష్ట్ర బస్సుకు నల్లరంగు పూశారు, రెండు రాష్ట్రాల మధ్య బస్సులు ఆగిపోయాయి. ఇబ్బంది పడింది టికెట్ కొనుక్కుని నిలబడ్డ ప్రయాణికులే. గోదావరి వంతెన మీద బస్సులు ఆగితే మా దగ్గర డయాలసిస్‌కు పోయే మనిషి ఏం చేయాలి?

4. మీరు కాపాడతామంటున్న మరాఠీకే ఇది నష్టం. మా తూర్పు విదర్భ జాడీపట్టీ నాటకాలు వచ్చాయంటే మా తెలుగువాళ్లు కూడా చద్దర్లు పట్టుకుని తెల్లవార్లూ కూర్చుంటారు. ఆ నాటకాల్లో వినిపించే జాడీబోలీ మరాఠీయే, వర్హాడీ మరాఠీయే, ఖాందేశ్ అహిరాణీ, కొంకణ్ మాల్వణీ అన్నీ ఈ నేల మాటలే. చంద్రాపూర్, గడ్చిరోలి పిల్లలు పుణె వెళ్తే, తెలుగు ఇంటివాళ్లనే కాదు, తరతరాలుగా మరాఠీ మాట్లాడే ఇంటి పిల్లలను కూడా ఇదేం మరాఠీ అని నవ్వుతారు. ఇప్పుడు నవ్వు పోయి నిలదీయడం వచ్చింది. మాటలో యాస దొర్లితే దెబ్బ పడుతుందేమో అనుకున్న పిల్లాడు మరాఠీ మాట్లాడటం తగ్గించి హిందీలోకి, ఇంగ్లీషులోకి పారిపోతాడు. మా వీధిలో జరుగుతున్నది అదే. ముప్పై ఏళ్ల కింద మరాఠీలో కవితలు చదివి ప్రైజులు తెచ్చుకున్న కుటుంబాల పిల్లలను ఇప్పుడు ఇంగ్లీషు మీడియంలో వేస్తున్నారు, ఎందుకంటే పుణెలో ఇంగ్లీషు మాట్లాడేవాణ్ణి ఎవరూ గల్లా పట్టుకుని అడగరు.

5. అసలు సమస్యలు వెనక్కి పోతున్నాయి. మేడిగడ్డ బ్యారేజీ నీళ్లకు మా తాలూకా రైతుల పొలాలు మునిగాయి, పరిహారం కోసం ఏళ్ల తరబడి దీక్షలు చేశారు. వాళ్లు భూమిపుత్రులు కారా? చంద్రాపూర్ జిల్లా జివతీ తాలూకా అంచున ఉన్న 14 గ్రామాల మీద మహారాష్ట్ర, తెలంగాణ రెండూ హక్కు చెప్తాయి, అక్కడి జనం దగ్గర రెండు రేషన్ కార్డులు, రెండు ఓటర్ కార్డులు ఉన్నాయి, పట్టాలు మాత్రం సరిగ్గా లేవు. వాళ్లలో ఎక్కువ మంది మరాఠీ మాట్లాడేవాళ్లే. కుల ధ్రువీకరణకు ఎస్సీలైతే 1950 నాటి, ఓబీసీలైతే 1967 నాటి ఆధారం కావాలి. రాజూరా, కిన్వట్ వైపు 1956కు ముందు కాగితాలు నిజాం కాలపు ఉర్దూలో ఉంటాయి, చదివేవాళ్లు దొరకరు, పేర్లు మూడు భాషల్లో మూడు రకాలుగా ఉంటాయి, ఒక్క అక్షరం తేడాకు ఇంజనీరింగ్ సీటు పోయిన పిల్లలు నా సెంటర్లో కూర్చుని ఏడ్చారు. 2023లో ప్రభుత్వం 20 మంది లోపు పిల్లలున్న బడులను కలిపేసే ఆలోచన చేసింది. అడవి పల్లెల్లో అలాంటి బడులే ఎక్కువ. ఆ బడి పోతే అక్కడ పోయేది మరాఠీ బడే. ఒక బ్యాంకు మేనేజర్ మరాఠీలో నమస్కారం పెట్టాడా లేదా అన్నదాని మీద పెట్టిన శక్తిలో పదో వంతు ఈ బడుల మీద పెట్టి ఉంటే మేమే మీ జెండా పట్టుకునేవాళ్లం.

బెళగావి గురించి మళ్లీ చెప్పాలి, ఎందుకంటే న్యాయం మొత్తం అక్కడే ఉంది. బెళగావి, నిపాణి, కార్వార్ ప్రాంతాల మరాఠీవాళ్ల కోసం మహారాష్ట్ర 2004లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2022 డిసెంబర్ 27న శాసనసభ 865 గ్రామాల గురించి ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. అక్కడి మరాఠీవాళ్లకు ఆఫీసు కాగితాలు మరాఠీలో ఇవ్వాలని, మరాఠీ బడులు ఉండాలని, భాష పేరుతో వేధించకూడదని ఈ రాష్ట్రంలో అన్ని పార్టీలూ అడుగుతాయి. అడగడం సబబే. మేం కూడా సమర్థిస్తాం. ఆ హక్కులు ఎక్కడి నుంచి వచ్చాయి? రాజ్యాంగం 29, 30 అధికరణాలు, మాతృభాషలో ప్రాథమిక విద్య గురించి చెప్పే 350ఎ, భాషా మైనారిటీల కమిషనర్‌ను పెట్టిన 350బి. ఒక జిల్లాలోనో తాలూకాలోనో 15 శాతం పైగా మాట్లాడే భాషలో ముఖ్యమైన నోటీసులు ఇవ్వాలన్నది కూడా దేశమంతటికీ ఒప్పుకున్న పద్ధతే. బెళగావిలో మరాఠీ మనిషికి వర్తించేది సిరోంచలో తెలుగు మనిషికీ, ఏటపల్లిలో మాడియా మనిషికీ వర్తించాలి. ఇక్కడ మేం చెంపదెబ్బకు తలవంచితే అక్కడ మీ మనుషుల తరఫున ఏ మొహంతో వాదిస్తారు?

ఓట్ల సంగతి కూడా ఒక మాట. 2009లో మీకు 13 మంది ఎమ్మెల్యేలు వచ్చారు, 2014లో ఒకరు, 2019లో ఒకరు, 2024లో ఒక్కరూ గెలవలేదు. మిమ్మల్ని దెప్పడానికి ఇది రాయడం లేదు. మరాఠీ ఓటర్లే ఈ దారి వద్దన్నారని నాకు అనిపిస్తోంది, మీకూ అనిపించాలని కోరుకుంటున్నాను.

మా డిమాండ్లు ఇవి. మొదటి నాలుగు మీ పార్టీకి, మిగతావి ప్రభుత్వానికి.

1. భాష పేరుతో ఎవరి మీదా, ఏ కారణంతోనూ చెయ్యి చేసుకోకూడదని మీరు మరాఠీలో, బహిరంగ సభలో, మీ నోటితో చెప్పాలి. వర్లీలో అన్న చెవి కింద వాయించే మాటను వెనక్కి తీసుకోవాలి. అయితే, కానీ అన్న మెలికలు అందులో ఉండకూడదు.

2. కొట్టిన కార్యకర్త ఎవరైనా పార్టీ నుంచి తీసేయాలి. జామీను మీద బయటికొస్తే పూలదండలు వేయడం ఆపాలి. దండ చూసే కదా రేపు ఇంకొకడు చెయ్యెత్తేది.

3. బ్యాంకుల్లో, దుకాణాల్లో కార్యకర్తలు పోయి భాష పరీక్షలు పెట్టడం మానాలి. బ్యాంకు ఫారాలు, బోర్డులు ప్రాంతీయ భాషతో సహా మూడు భాషల్లో ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. మరాఠీ లేకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, మేమూ సంతకాలు పెడతాం. మా దగ్గర ఏటీఎంలో మరాఠీ సరిగ్గా రాకపోతే ఇబ్బంది పడేది మా ముసలివాళ్లే.

4. మీ పార్టీ రాష్ట్ర నాయకులు ఒక్కసారి సిరోంచకో, రాజూరాకో, ధర్మాబాద్‌కో, కిన్వట్‌కో వచ్చి కూర్చోవాలి. సభ వద్దు, మైకు వద్దు. పుణె నుంచి తిరిగొచ్చిన పిల్లలు, వాళ్ల తల్లులు చెప్పేది వినాలి. మరాఠీలోనే చెప్తారు.

5. హోం శాఖకు: భాష పేరుతో దాడి జరిగితే ఫిర్యాదుదారు కోసం ఎదురు చూడకుండా వీడియో ఆధారంగానే కేసు పెట్టాలి. భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్‌లో భాష, పుట్టిన చోటు, నివాసం పేరుతో ద్వేషం రెచ్చగొట్టడం నేరమని స్పష్టంగా ఉంది. భాష పేరుతో గూండాయిజం సహించేది లేదని ముఖ్యమంత్రి గారు 2025 జులైలో అన్నారు. ఆ మాట పోలీస్ స్టేషన్ దాకా రావాలి. వేరే ఊళ్లో దెబ్బ తిన్న కుర్రాడు తన సొంత తాలూకా స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ ఇస్తే తీసుకోవాలి, అక్కడికే పో అని తిప్పి పంపకూడదు.

6. విద్యా శాఖకు: సరిహద్దు తాలూకాల జిల్లా పరిషత్ బడుల్లో ఒకటి, రెండు తరగతులకు తెలుగు గానీ, గోండీ, మాడియా గానీ తెలిసిన టీచర్‌ను పెట్టాలి. పిల్ల ఇంటి భాష తెలిసిన మనిషి చెప్తే మరాఠీ ఆరు నెలల్లో పట్టుబడుతుంది, లేకపోతే మూడో తరగతి దాకా బిక్కమొహం వేసుకుని కూర్చుంటుంది. తరగతిలో 10 మంది, లేదా బడి మొత్తంలో 40 మంది పిల్లలు ఉంటే మాతృభాషలో చెప్పే ఏర్పాటు చేయాలన్న పాత నియమాన్ని ఇక్కడ లెక్క తీసి అమలు చేయాలి. 20 మంది లోపు పిల్లలున్నారని అడవి పల్లెల బడులు మూయొద్దు.

7. తెలుగు మాట్లాడేవాళ్లు 15 శాతం దాటిన తాలూకాల్లో వరద హెచ్చరికలు, భూసేకరణ నోటీసులు, ఆసుపత్రి బోర్డులు మరాఠీతో పాటు తెలుగులో కూడా పెట్టాలి. మరాఠీ తీసేయమని ఎవరూ అడగడం లేదు. ప్రాణహిత పొంగినప్పుడు మరాఠీ చదవలేని ముసలమ్మకు కూడా విషయం తెలియాలి.

8. రాజూరా, జివతీ, కిన్వట్ తాలూకాల ఉర్దూ రికార్డులను అనువాదం చేయించి డిజిటల్ చేయాలి, పేరులో అక్షరాల తేడా ఉన్నందుకు కుల ధ్రువీకరణ తిరస్కరించకుండా తహసీల్ స్థాయిలోనే సరిచేసే వీలు కల్పించాలి.

ఈ లేఖ కాపీలు జిల్లా కలెక్టర్‌కు, భాషా మైనారిటీల కమిషనర్‌కు పంపుతున్నాం. మొదటి డిమాండ్ మీద మీ మాట కోసం వచ్చే గుడి పడ్వా సభ దాకా చూస్తాం. ఆ రోజే మాకు ఉగాది. అప్పటికీ ఏ స్పందనా రాకపోతే నాలుగు జిల్లాల తెలుగు, గోండీ, మరాఠీ మాట్లాడేవాళ్లం కలిసి, పిల్లలతో సహా నాగ్‌పూర్‌లో విధానసభ సమావేశాలప్పుడు శాంతియుతంగా ధర్నాకు కూర్చుంటాం. అనుమతి కోసం దరఖాస్తు నేనే టైపు చేస్తాను, మరాఠీలో.

ఇట్లు,
సిరోంచ తాలూకా నుంచి, తెలుగు మాట్లాడే ఒక మహారాష్ట్ర పౌరుడు